బోణీ చుట్టు

“తలలు కాచుకోండి బావూ! ఈ తలుపు పొట్టోళ్ళ కోసం పెట్టింది,” అని సన్యాసిరావు తాను మాత్రం నిటారుగా లోపలికి నడిచాడు. వెనక వస్తున్న గుంపు గొల్లున నవ్వింది. హరివిల్లు వినోదనగరంలో తెరవెనుక యాత్ర మొదలయ్యేది ఆ చిన్న ఇనప తలుపు దగ్గరే.

సముద్రం పక్కన కొండను చదును చేసి కట్టిన ఆ నగరంలో మామూలు జనానికి కనబడేవి రంగులు, దీపాలు, పాటలు. ప్రత్యేక టిక్కెట్టు కొన్నవాళ్ళకు సన్యాసిరావు వాటి వీపులు చూపించేవాడు. కోట వెనక్కి వెళితే అంతా రేకూ చెక్కా. జలపాతం వెనక చెవులు చిల్లులు పడేలా మోటార్లు. ఎలుగుబంటి తన తల తీసి బల్ల మీద పెట్టుకుని సమోసా తింటోంది.

“ఏటి ఎలుగ్గారూ, పచ్చడి కారంగా ఉందా?” అని అడిగాడు సన్యాసిరావు. వేషంలోని మనిషి నోటినిండా సమోసాతో పంజా ఊపాడు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుని ఆ ఊడిన తలను ముట్టుకున్నారు.

చివరగా వాళ్ళను సుడిగాలి కింద గదిలోకి తీసుకొచ్చాడు. సుడిగాలి అంటే ఆ నగరంలో అన్నిటికంటే ఎత్తయిన పట్టాల బండి. పైన అది దూకినప్పుడల్లా గది కప్పు అదిరేది, మనుషుల కేకలు వినబడేవి. ఆ కేకల్లో నవ్వే ఎక్కువ.

“అదే ఇక్కడి విశేషం,” అన్నాడు సన్యాసిరావు, గోడకు బిగించిన బూడిదరంగు పెట్టెను తట్టి. “దీని పేరు నిమ్మళం. కుర్చీలో మెడ ఆనేచోట మెత్తటి దిండుంటుంది చూశారా? మనందరి బుర్రలోనూ ఒక గంట ఉంటుందండి. పాము కనబడితే మోగుతుంది. ఎత్తు మీంచి కిందికి చూస్తే మోగుతుంది. ఎవరి గంట ఎంత గట్టిగా మోగుతోందో ఆ దిండు వింటుంది. మరీ ఎక్కువైతే కాస్త గుడ్డ చుడుతుంది. బండి ఆగాక విప్పేస్తుంది. అందుకే గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు కూడా ఈ బండి ఎక్కగలుగుతున్నారు.”

గుంపులో వెనకనున్న లావుపాటి ఆయన గొంతెత్తాడు. “ఆ తీసిన భయం ఓ సీసాలో పోసి ఇవ్వండి. మా ఆవిడకి పట్టిస్తాను. నేనంటే బొత్తిగా లేదు.”

“ముందు మీరు తాగండి, మా నాన్నంటే మీకు ఉండాల్సినంత లేదు,” అంది ఆయన భార్య.

నవ్వులు తగ్గాక సన్యాసిరావు అద్దంలోంచి పైకి చూపించాడు. మీట దగ్గర నీలం చొక్కా వేసుకున్న ఒకావిడ నిలబడి ఉంది. బండి ఆమె భుజాన్ని రాసుకుంటున్నట్టే దూసుకుపోయింది. ఆమె రెప్ప కూడా వెయ్యలేదు.

“ఆవిడ పేరు నూకరత్నం. ఈ బండి నడిపేది ఆవిడే. నన్ను నడిపేదీ ఆవిడే.”

“ఆవిడకి భయం వెయ్యదా?”

“ఆవిడకి అసలు లేదండి,” అన్నాడు సన్యాసిరావు. ఆ మాట గర్వంగానే మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి గొంతులో గర్వం లేదు.

*

పెళ్ళయిన కొత్తలో నూకరత్నం బల్లిని చూస్తే మంచం ఎక్కి కూచునే మనిషి. ఉరిమితే అత్త కొంగు పట్టుకునేది. సుడిగాలి మీద ఉద్యోగం దొరికినప్పుడు, ఆ మీట దగ్గర ఎలా నిలబడతావే అని అత్త గౌరమ్మే ఎక్కువ దిగులు పడింది. ఏడాది తిరిగేసరికి నూకరత్నం బల్లిని తోక పట్టుకుని బయట వదిలిపెట్టడం మొదలుపెట్టింది.

“ఉజ్జోగం మా కోడలికి గుండె ఇచ్చినాది,” అని గౌరమ్మ వీధంతా చెప్పుకుంది.

తరవాత వచ్చినవి చెప్పుకోదగ్గవి కావు. నూనె కాగిందో లేదో చూడ్డానికి నూకరత్నం అందులో వేలు పెట్టింది. బొబ్బ లేచింది, నొప్పికి కన్నీళ్ళొచ్చాయి. మర్నాడు మళ్ళీ పెట్టబోయింది. లారీ హారన్ కొడుతున్నా అదే నడకతో రోడ్డు దాటింది. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు దేవిక చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. లారీ డ్రైవరు కిందికి దిగి నానా తిట్లూ తిట్టాడు. “పాపం, ఎండకి సిరాకు పడతన్నాడు,” అంది ఆమె ఇంటికొచ్చి.

ఒక సాయంత్రం డాబా మీద నూకరత్నం ఆరిన బట్టలు మడతపెడుతోంది. దేవిక నీళ్ళ ట్యాంకు ఎక్కింది. ఆ ట్యాంకు డాబా అంచునే ఉంది. అవతల అడ్డం ఏమీ లేదు, నేరుగా వీధే. పిల్ల అంచున కూచుని కాళ్ళు వేలాడేసి, “అమ్మా, సూడు!” అని పిలిచింది.

నూకరత్నం తలెత్తి చూసింది. “నీ గౌను గాల్లో భలేగా ఎగురుతందే,” అని నవ్వి, మళ్ళీ మడత పెట్టుకుంది.

వడియాలు తియ్యడానికి మెట్లెక్కి వచ్చిన గౌరమ్మ అది చూసి, “ఓలమ్మో, ఓలమ్మో!” అని కూలబడిపోయింది. కింద నుంచి సన్యాసిరావు పరిగెత్తుకొచ్చి పిల్లను దింపాడు. దింపాక కూడా గుండెకు హత్తుకునే ఉన్నాడు. గౌరమ్మ ఇంకా కూలబడే ఉంది. నూకరత్నం ఒక్కతే మామూలుగా ఉంది, దుప్పటి చేత్తో పట్టుకుని, ఏమైందన్నట్టు అందరి మొహాలూ చూస్తూ.

“ఎందుకెక్కినావే?” అని సన్యాసిరావు కూతుర్ని వంటింట్లో కూచోబెట్టి అడిగాడు.

దేవిక గౌను అంచు వేలికి చుట్టుకుంది. “అమ్మ అరుత్తాదేమోనని,” అంది చివరికి. “రోహిణి వాళ్ళమ్మ సెట్టెక్కితే అరుత్తాది. నూతి కాడికెల్తే అరుత్తాది. మా అమ్మ దేనికీ అరవదు. నాను పడిపోయినా అమ్మకి పరవానేదేటి నాన్నా?”

గుమ్మం అవతల నూకరత్నం నిలబడి ఉంది. లోపలికొచ్చి పిల్ల ఎదురుగా కూచుంది. “పడితే సచ్చిపోతావని నాకు తెల్సు తల్లీ. లెక్క తెలిసినట్టు తెల్సు. నువ్వంటే నాకు పేణం. కానీ ఇక్కడ,” అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది, “ఏటీ కదల్లేదు. రావాల్సింది రానేదు. అదెక్కడికి పోనాదో నాకు తెలీదు.”

ఆ మర్నాటి నుంచి గౌరమ్మ పిల్లను నూకరత్నం దగ్గర వదల్లేదు. బడికి తనే తీసుకెళ్ళేది, స్నానానికి తనే నీళ్ళు తోడేది, వీధి చివరి కొట్టుకు కూడా చెయ్యి పట్టుకుని తనే వెళ్ళేది. కోడలి మీద కోపం లేదు. “అది మంచిదే,” అని కొడుకుతో అంది. “కానీ దాని కాడ పిల్లనొగ్గేస్తే నాకు ముద్ద దిగదురా.” ఆ మాట నూకరత్నానికి వినబడింది. ఆదివారం సంతకు వెళ్ళేటప్పుడు అలవాటుగా కూతురి కోసం చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అది చూసినవాడు సన్యాసిరావు ఒక్కడే.

*

మరో రోజు, మరో గుంపు. సన్యాసిరావు నోరు తన పని తాను చేసుకుపోతోంది.

“ఎవరికి ఎంత గుడ్డ చుట్టాలో ఈ పెట్టెకి ఎలా తెలుస్తుందంటారా? పొద్దున్నే మొదటి చుట్టులో కొలత తీసుకుంటుంది. ఆ చుట్టు ఈయనది,” అని మూలనున్న రబ్బరు బొమ్మను చూపించాడు. మనిషంత బొమ్మ. ఛాతీలో గుండెలా కొట్టుకునే రబ్బరు గొట్టం, తలలో భయం గంటలా మోగే యంత్రం ఉన్నాయి. “పేరు బొమ్మరాజుగారు. రోజూ ముందు ఈయనెక్కాకే మనం ఎక్కాలి. జీతం లేదు, సెలవు లేదు.”

అందరూ నవ్వారు. చోడవరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బొమ్మ దగ్గరికెళ్ళి దాని మోకాలి మీద వేలితో గీసింది. గీత తెల్లగా పడింది. “రోజూ ఎక్కేవోడి మీద ఇంత బూజేటి నాయనా? ఈడు కదిలి ఎన్నాళ్ళయిందో.”

“తుడిచేవాళ్ళు లేరమ్మా,” అన్నాడు సన్యాసిరావు. ఆ మాట అంటూనే ఆ గీతను మళ్ళీ చూశాడు. బొమ్మ ఎక్కదని అతనికి తెలుసు. అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. ఎవరెక్కుతారో కూడా తెలుసు. ఆ సంగతీ, ఇంట్లో భార్యకు భయం పోయిన సంగతీ వేర్వేరు అరల్లో ఉన్నట్టు ఇన్నాళ్ళూ అతని తలలో ఉండిపోయాయి.

మూడేళ్ళ కిందట నగరం తెరిచిన తొలి రోజున ఇంజనీర్లు బొమ్మను మొదటి కుర్చీలో కూచోబెట్టి బండి తిప్పమన్నారు. కుర్రాళ్ళు కొబ్బరికాయ కొట్టి చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. బొమ్మను చూసి నూకరత్నం అడ్డం పడింది. “పేణం లేనోడితో బోణీ ఏటి? రోజంతా శవాలే ఎక్కుతాయా? నానెక్కుతాను.” బోణీ చుట్టు బతికున్న మనిషిదే అవ్వాలని అందరూ ఒప్పుకున్నారు. కూరగాయల బండి దగ్గర ఒప్పుకోనిది ఇంత పెద్ద బండి దగ్గర ఎలా ఒప్పుకుంటారు? ఇంజనీర్లు వెళ్ళిపోయాక బొమ్మ మూలకు చేరింది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం దణ్ణం పెట్టుకుని మొదటి కుర్చీలో నూకరత్నం కూచుంటోంది. ఆమె చేతి బోణీ మంచిదన్న పేరు కూడా వచ్చింది. నిజంగానే ఆ మూడేళ్ళలో బండి ఒక్కసారీ మొరాయించలేదు.

సన్యాసిరావు ఆ గుంపును బయటి గేటు దాకా సాగనంపాడు. ఏం మాట్లాడాడో అతనికి గుర్తులేదు. అట్నుంచటే ప్రయోగశాలకు వెళ్ళాడు.

*

నిమ్మళం తయారుచేసింది డాక్టర్ పరిమళ. నగరం వెనక తెల్లటి భవనంలో కూచుని ఆమె ఇంకా దానికి మెరుగులు దిద్దుతూనే ఉంది. సన్యాసిరావు చెప్పింది విని ఆమె లేచి నిలబడింది. మళ్ళీ కూచుంది.

“రోజూనా?”

“రోజూనండి. జొరమొచ్చినా ఎక్కేది. ఇంకోళ్ళ చెయ్యి పడితే బోణీ పాడవుద్దని.”

ఆ మధ్యాహ్నమే నూకరత్నాన్ని పిలిపించింది. తల చుట్టూ తీగల పట్టీ కట్టి, గోడ మీద బొమ్మలు చూపించింది. పడగెత్తిన పాము. మంటల్లో ఇల్లు. ఉన్నట్టుండి వెనక నుంచి ఇనప పళ్ళెం కింద పడేసింది. సన్యాసిరావు ఎగిరి పడ్డాడు. నూకరత్నం వంగి పళ్ళెం తీసి బల్ల మీద పెట్టింది. ఆమె గంట గీసే గీత తెర మీద చదునుగా సాగిపోయింది.

పరిమళ తెరను నూకరత్నం వైపు తిప్పింది. “మొదటి చుట్టులో దానికి కొలత తెలీదమ్మా. అందుకని గుడ్డ చుట్టుకుంటూ పోతుంది. గంట చప్పుడు పూర్తిగా ఆగేదాకా చుడుతుంది. ఎన్ని చుట్లకు ఆగిందో చూసుకుని, ఆ లెక్కతో మిగతావాళ్ళకు రవ్వంత చుడుతుంది. బొమ్మ గంట ఆగితే ఏమీ కాదు. నీది మాత్రం రోజూ ఆపింది. బొమ్మనే కూచోబెట్టమని రాశాను. ఎందుకన్నది రాయలేదు.”

“రాసినా నాను బొమ్మతో బోణీ సెయ్యనిచ్చేదాన్ని కాదండి,” అంది నూకరత్నం నవ్వుతూ. ఆ నవ్వు చూసి పరిమళ మొహం తిప్పుకుంది.

“మల్లా వస్తాదా అమ్మా?” అడిగాడు సన్యాసిరావు.

“నరం చావలేదు. మోగక మోగక అలవాటు తప్పింది. వస్తుందనే నా నమ్మకం. ఎప్పుడో చెప్పలేను.”

“ఆ దిండునే తిప్పి మోగించెయ్యరాదేటండి?”

“మోగించగలను. ఎంత మోగాలో నా చేతిలో ఉండదు. మొదలయ్యాక ఆగకపోతే? నిద్రలో, మెలకువలో, అన్నం ముందు కూచున్నా భయమే అయితే? ఒకసారి తెలియక చేశాను. తెలిసి చెయ్యలేను సన్యాసిరావుగారూ.” తీగల పట్టీ విప్పుతూ అంది. “దాన్ని అదే లేవనివ్వాలి. మామూలు బతుకులో చిన్న చిన్న ఉలికిపాట్లు ఉంటాయి కదా, అవి తగలనివ్వండి. ఆ దిండు మాత్రం ఇంకెప్పుడూ ఆమె మెడకు తగలకూడదు.”

ఆ సాయంత్రమే ఆమె నిమ్మళాన్ని ఆపేసి, దాని తాళంచెవి తన సంచీలో వేసుకుంది. పండగ రద్దీ ముందు ఇదేం పనని మేనేజరు మండిపడ్డాడు. ఎవరి గంటకు ఏమైందో ఒక్కొక్కళ్ళనీ పిలిచి చూసేదాకా తాళం ఇవ్వనంది పరిమళ. అవసరమైతే రాజీనామా కూడా ఇస్తానంది. అదృష్టం బాగుండి, మామూలు జనానికి ఏమీ కాలేదని తేలింది. నిమ్మళం లేకుండానే సుడిగాలి తిరగసాగింది. గుండె గట్టిగా ఉన్నవాళ్ళే ఎక్కారు, ముందుకంటే గట్టిగా అరిచారు.

బోణీ మాత్రం ఆగలేదు. దిండ్లు ఊడదీసిన ఆ బండిలో రోజుకొకరు వంతులవారీగా బోణీ చుట్టు తిరగాలని పనివాళ్ళు తీర్మానించుకున్నారు. మేనేజరు వంతు వచ్చిన రోజు వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని బయటికొచ్చి చూశారు. ఆయన కళ్ళు మూసుకుని ఎక్కి, కళ్ళు మూసుకునే దిగి, “మీటింగుంది,” అని గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఎన్నడూ లేనంత జనం వచ్చారు. దాంతో మేనేజరు చేతి బోణీ మంచిదని పేరొచ్చింది. ఆయన ప్రాణానికి అదొక కొత్త బాధ.

*

ఇంట్లో చిన్న చిన్న ఉలికిపాట్ల పని మొదలైంది.

సన్యాసిరావు దుప్పటి కప్పుకుని తలుపు వెనక నుంచి “భౌ” అన్నాడు. “దుప్పటి నేలకి రాత్తంది, ఎత్తి పట్టుకో,” అంది నూకరత్నం. దేవిక రబ్బరు తేలు తెచ్చి పప్పు డబ్బాలో పెట్టింది. నూకరత్నం దాన్ని కడిగి ఎండలో ఆరబెట్టింది. గౌరమ్మ తన చిన్నప్పుడు చింతతోపులో చూసిన కొరివిదెయ్యం కథను, గొంతు తగ్గించి, వేళ్ళు తిప్పుతూ చెప్పింది. కథ పూర్తయ్యేసరికి దేవిక తండ్రి ఒళ్ళో చేరింది, గౌరమ్మకే దాహం వేసింది. నూకరత్నం, “మరా దెయ్యం ఒక్కతే ఉండేదా అత్తా? పాపం,” అంది.

నవ్వుకున్నారు. ఆ ఇంట్లో చాలా రోజుల తరవాత అందరూ కలిసి నవ్వడం అదే. కానీ పడుకునే వేళకు దేవిక మళ్ళీ నానమ్మ పక్కకే వెళ్ళింది.

“ఒక మాట అడగనా?” అన్నాడు సన్యాసిరావు ఒక ఉదయం, ఇద్దరూ కొండ దారిన పనికి నడుస్తుండగా. “నీకు నిజంగా అది కావాలనుందా? నీకిప్పుడు ఏ దిగులూ లేదు. హాయిగా నిద్దరోతన్నావు.”

నూకరత్నం నడక ఆపకుండానే చెప్పింది. “కావాలనిపించదు. అదే కదా చిక్కు. బయాన్ని రమ్మని ఎవరు పిలుత్తారు? నాకు ఏటీ కొరత తెలీదు. కానీ పిల్ల నా పక్కన నడవట్లేదు. అది నా చెయ్యి పట్టుకోవాలంటే అదేదో ఉండాలని తెల్సింది. అందుకే రమ్మంటన్నాను.”

వానలు వచ్చి వెళ్ళిపోయాయి. పరిమళ అప్పుడప్పుడూ తీగల పట్టీ కట్టి చూసేది. గీత చదునుగానే ఉండేది. ఒకసారి మాత్రం, కిటికీ బయట పిడుగు పడినప్పుడు, సన్నగా వణికింది. “ఇది చూడండి,” అని పరిమళ తెర మీద వేలు పెట్టింది. సన్యాసిరావుకు ఈగ వాలినట్టు కనబడింది తప్ప ఇంకేమీ కనబడలేదు. పరిమళ మాత్రం ఆ సాయంత్రం తన డబ్బులతో అందరికీ జిలేబీలు తెప్పించింది.

ఇంట్లో ఏమీ మారలేదు. పరిమళ జిలేబీల సంగతి విని, “మంచిదే,” అంది గౌరమ్మ. మనవరాలి చెయ్యి మాత్రం ఆవిడ వదల్లేదు.

*

చలికాలంలో తెరవెనుక యాత్రకు ఒక కొత్త చోటు చేర్చారు. పెద్ద చక్రం పక్కన రిపేరు మనుషులు ఎక్కే ఇనప మెట్లు ఉన్నాయి. వాటికి రెండువైపులా కొత్తగా నిలువెత్తు కమ్మీలు బిగించి, పైన ఒక చావడి కట్టారు. అక్కడి నుంచి చూస్తే సముద్రం సగం ఆకాశం దాకా కనబడుతుంది. గుంపు ముందు సన్యాసిరావు, చివర నూకరత్నం నడవాలి. మీట దగ్గర్నుంచి ఆమెను ఆ పనికి మార్చింది పరిమళే.

బడికి సెలవు రోజు. దేవిక సముద్రం చూస్తానని పేచీ పెట్టింది. గౌరమ్మ కూడా వచ్చింది, పిల్ల చెయ్యి వదలకుండా. నానమ్మా మనవరాలూ గుంపు మధ్యలో, నూకరత్నం అందరి వెనకా. మెట్లు జల్లెడలాంటి ఇనప రేకులు. పాదాల కింద నుంచి నేల కనబడుతుంది. ఎక్కేకొద్దీ కింద మనుషులు చిన్నవాళ్ళయ్యారు. గాలి బట్టల్లో దూరింది.

“ఇక్కడి నుంచి మన ఎలుగుబంటిగారు చీమలా ఉంటారు,” అంటున్నాడు సన్యాసిరావు పైనుంచి. “చెయ్యి ఊపండి, సమోసా పెడతారు.”

జవాబుగా కింద నుంచి ఒక కేక వినబడింది.

“పిల్లని పట్టుకోండి!”

అందరూ వెనక్కి తిరిగారు. నూకరత్నం సగం మెట్ల దగ్గర రెండు చేతులతోనూ కమ్మీని కావలించుకుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్ళు మాత్రం పైన ఉన్న పిల్ల మీద ఉన్నాయి.

“ఎవురైనా పిల్లని పట్టుకోండి! అత్తా, దాని రెక్క ఇడిసిపెట్టకు! ఓలమ్మో, కిందంతా ఖాళీ! ఒలే దేవీ, కదలొద్దు! ఒక్క అడుగు ఎయ్యొద్దు!”

పిల్ల క్షేమంగానే ఉంది. కమ్మీలు ఆమె తలకంటే ఎత్తు, ఒక చెయ్యి నానమ్మ గుప్పిట్లో ఉంది. “అమ్మా, నాను బాగానే ఉన్నాను. కిందకొత్తన్నాను,” అంది.

“రావద్దు! అక్కడే కూకో! కూకోమంటే ఇనపడదా? రెండు సేతుల్తోటీ పట్టుకో! ఆ గౌను కాళ్ళకి అడ్డం పడతాది, సూసుకో!”

దేవిక చప్పున మెట్టు మీద కూచుంది. రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుంది. కళ్ళు ఇంతింత చేసుకుని కిందనున్న తల్లిని చూసింది. తరవాత నానమ్మ వైపు తిరిగి, ఎవరికీ తెలియని కబురు చెబుతున్నట్టు గుసగుసగా అంది. “నానమ్మా, అమ్మ అరుత్తంది.”

గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గుంపులో కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన, “ఏమైందండీ, కళ్ళు తిరిగాయా? డాక్టరుని పిలవమంటారా?” అని అడిగాడు.

సన్యాసిరావు అప్పటికే గుంపును తోసుకుంటూ దిగుతున్నాడు. “ఏం కాలేదండి. మా ఆవిడకి,” అని ఆగి, ఊపిరి తీసుకుని చెప్పాడు. “మా ఆవిడకి భయమేస్తందండి!”

అది చెప్పినప్పుడు అతని మొహం వెలిగిపోవడం చూసి కళ్ళజోడాయన ఏమీ అర్థంకాక తన భార్య వైపు చూశాడు.

నూకరత్నాన్ని దింపడం తేలిక కాలేదు. నిలబడితే కాళ్ళు ఆనలేదు. ఒక్కొక్క మెట్టూ కూచుంటూ జరిగింది. సన్యాసిరావు ఆమె ముందు నడిచి పాదాలు పట్టుకుని మెట్టు మీద పెట్టాడు. దేవిక కూడా తల్లి చెప్పినట్టే కూచుని జరుగుతూ వచ్చింది. దారి పొడుగునా నూకరత్నం ఆగకుండా తిట్టింది. ఈ మెట్లు కట్టినోళ్ళని తిట్టింది, పిల్లను తెచ్చినందుకు మొగుణ్ణి తిట్టింది, గాలిని తిట్టింది. మధ్యలో పళ్ళు కటకటలాడాయి. “ఇదింత సెడ్డగుంటాదని మర్సిపోనాను మావా,” అని ఏడ్చింది. “ఇది మల్లా రోజూ ఉంటాదేటి?”

“ఉంటాది. మా అందరికీ ఉంది. అలవాటైపోతాది.”

నేల తగలగానే ఆమె కూతుర్ని లాక్కుని ఒళ్ళో వేసుకుంది. మోకాళ్ళు తడిమింది, మోచేతులు తడిమింది, తల వెనక తడిమింది. ఏ దెబ్బా లేదని తేలాక వీపు మీద ఒక్కటిచ్చింది. “ట్యాంకు ఎక్కుతావా? ఎక్కుతావా మల్లా? పడుంటే? ఓలమ్మ, ఆ రోజు పడుంటే నానేటయిపోదును!” అప్పుడెప్పుడో రావాల్సిన వణుకు ఇప్పుడొచ్చి ఆమెను పట్టుకుని ఊపేసింది. దేవిక దెబ్బకు ఏడవలేదు. తల్లి మెడ చుట్టూ చేతులేసి, ఆ వణుకు మళ్ళీ ఎక్కడికైనా పోతుందేమోనన్నట్టు గట్టిగా అతుక్కుంది.

ఎవరు కబురు పెట్టారో, పరిమళ ఒక చేత్తో తీగల పట్టీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. తల్లీకూతుళ్ళను చూసి దూరంగానే ఆగిపోయింది. పట్టీని మెల్లగా మడిచి సంచీలో పెట్టుకుంది.

పైన మెట్ల మీద గుంపు ఎటూ కదల్లేక నిలబడి ఉంది. “మేము ఎక్కాలా దిగాలా?” అని ఎవరో అరిచారు.

“ఒక్క నిమిషం బావూ, ఆవిడ తిట్టడం అవనీండి,” అన్నాడు సన్యాసిరావు కళ్ళు తుడుచుకుంటూ.

గౌరమ్మ అప్పటికి కిందికి దిగి వచ్చింది. కోడలి పక్కన కాసేపు నిలబడింది. నూకరత్నం తల మీద చెయ్యి వేసి తీసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

“ఎక్కడికి అమ్మా?” అన్నాడు కొడుకు.

“సముద్రం సూడొద్దేటి? ఇంత దూరం వొచ్చి,” అంది. దేవిక లేచి అలవాటుగా నానమ్మ కోసం చెయ్యి చాచింది. గౌరమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు.

“నువ్వు మీ అమ్మ కాడుండు,” అని, కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఒక్కతే మెట్లెక్కింది.